బాపమ్మ నల్లపొడి

పాలవాడు నవ్వుతూ పోస్తే అందులో నీళ్లెన్నో అని చూసే రకం నేను. అలాంటిదాన్ని, నాలుగేళ్ల నా కూతురు లేస్తూనే "పండ్లు తోముకుంట" అని పెరట్లోకి పరుగెత్తితే ఊరుకుంటానా?

అప్పుడు మేం బొగ్గుగని క్వార్టర్లో ఉండేవాళ్లం. మా పుట్టింట్లో, హుజూరాబాద్‌లో, వేపపుల్ల, లేకపోతే బొగ్గూ ఉప్పూ. అదే నేనూ నూరి పెడితే ఈ పిల్ల పెదవులు బిగబట్టేది. బెల్లంముక్క ఇస్తానన్నా వినేది కాదు. ఒళ్లో పడుకోబెట్టి నోరు తెరిపిస్తే వేలు కొరికేది. మా అత్త, అంటే పిల్లకు బాపమ్మ, జైనూరు వైపు నుంచి వచ్చి నెల తిరగకముందే ఆ మొండిఘటం మారిపోయింది. పొద్దున బాపమ్మ దగ్గర తోముకున్నది చాలక మధ్యాహ్నం అన్నం తినగానే మళ్లీ, దీపాలు పెట్టే వేళకు ఇంకోసారి. పక్కింటి ఆడవాళ్లు మా అత్తను మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది.

"నీకు కోపమెక్కువ. గందుకే పోరి భయపడ్డది. నేను ముద్దుగ తోముత," అనేది అత్త.

కావచ్చు. కానీ తోమిన పండ్లను మళ్లీ మళ్లీ తోమమని ఏ పిల్ల అడుగుతుంది? అత్త రేకుడబ్బాలో ఉన్నదీ నల్లపొడే. ఏంటని అడిగితే "పండ్లపొడే, విషమా?" అంది. డబ్బాను మాత్రం ఎప్పుడూ రొండిన దోపుకుని తిరిగేది. బొగ్గుపొడిని ఎవరైనా రొండిన దాచుకుంటారా?

ఓ పొద్దున ఆమె నల్లా దగ్గరికి పోయినప్పుడు నా బొగ్గుపొడితో నేనే తోమబోయాను. పిల్ల నా చెయ్యి నెట్టేసింది. "గిది కాదు. బాపమ్మది గావాలె!" లేదన్నాను. కాసేపటికి తల పట్టుకుని ఒకటే ఏడుపు. అత్త నీళ్లతో వచ్చీరాగానే పిల్ల పోయి ఆమె రొండిలో చెయ్యి పెట్టింది. నేను డబ్బా లాక్కుని, చిటికెడు తీసి నా చిగుళ్లకు రుద్దుకున్నాను. కళ్లు తిరిగి గడప మీదే కూలబడ్డాను. అది పొగాకు. పెనం మీద మాడ్చి నూరిన పొగాకు.

షిఫ్టు దిగి వచ్చిన మా ఆయనకు చెబితే నవ్వాడు. "మా దిక్కు అందరు గదే రుద్దుతరు. ఊకె పరేషాన్ గాకు." నాకు ఏడుపొచ్చింది. పసిదానికి పొగాకు అలవాటైందంటే నవ్వే మనిషితో ఏం మాట్లాడతాను?

మర్నాడు అత్తతోనే తేల్చుకున్నాను. "గది మంచిదే అయితే, ఒక్కనాడు నువ్వు మాను అత్తా, సూస్త."

ఆమె పౌరుషంగా డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. మధ్యాహ్నానికి చేతులు వణికాయి. ఉత్తపుణ్యానికి పిల్లి మీద అరిచింది. సాయంత్రానికి నుదురు గోడకు ఆనించి మూల కూర్చుంది. పిల్ల కూడా ఏడ్చి ఏడ్చి ఆమె ఒళ్లోనే చేరింది. ఇద్దరికీ ఒకటే తలనొప్పి. చూస్తుంటే నాకు భయమేసింది.

"నాకు మా అవ్వ పెట్టింది. గప్పుడు నేను గింతనే ఉంటి," అంది అత్త, పిల్ల తల మీద చెయ్యి వేసి.

డబ్బా ఆమెకు ఇచ్చేశాను. వద్దనలేదు, తీసుకుంది. తెల్లారి పిల్లను రెక్క పట్టుకుని తెచ్చి నా ముందు కూర్చోబెట్టింది.

"ఇగ నువ్వే తోము బిడ్డా. నా దగ్గరికి రానియ్యకు. అది ఏడ్చిందంటె నేను ఆగలేను, పెడత. నన్ను నమ్మకు."