మేకులు కొట్టని అద్దాలు

ఒక వానాకాలమంతా బంగళాలో ఒక్క కిటికీకి కూడా అద్దం నిలవకుండా చేసిన ప్రేమికుడు మన అద్దాలాయన. సరే, అంత లేదు. వానాకాలమంతా కాదు, బంగళా అంతా కాదు. మేడమీద వెనకవైపు గది ఒక్కటే. అయినా ఒక మనిషి చెయ్యి పోవడానికి ఆ గది చాలింది.

అప్పటికి అతనికి మీసాలైనా సరిగ్గా రాలేదు. తల్లి పోయాక మేనమామ చేరదీసి, తన అద్దాల కొట్లో పక్కన నిలబెట్టుకుని పని నేర్పాడు. మామయ్యకు పిల్లల్లేరు. రేపు ఆ కొట్టు మేనల్లుడిదేనని వీధంతా అనుకునేది.

బంగళా యజమాని కూతురు మొదటి అద్దం పొరపాటున పగలగొట్టింది. బిగించడానికొచ్చిన కుర్రాడు ఆమెను చూసి, అద్దం అంచులకు పూసే లప్పం ముద్ద చేతిలోంచి జారవిడిచాడు. రెండో అద్దం కావాలనే పగలగొట్టింది. ఆ తర్వాత పేపరువెయిటు, దువ్వెన, చెప్పు, చేతికేది అందితే అది. అతను నిచ్చెనమీద, ఆమె కిటికీ గట్టుమీద. ఒకరోజు ఏడిపించేది, ఒకరోజు ఏడ్చేది. అతను ఇంకో ఇంటికి పనికెళ్ళాడని తెలిస్తే రోజుల తరబడి మూతి ముడిచేది. అతనూ తక్కువ తినలేదు. ఆమె ఎవరో చుట్టాలబ్బాయితో నవ్విందని, అప్పుడే బిగించిన అద్దాన్ని మోచేత్తో పొడిచేశాడు. ఇదంతా ప్రేమేననుకున్నారు ఇద్దరూ.

"వాళ్ళేమైనా తలుపులు మానేసి కిటికీల్లోంచి నడుస్తున్నారంట్రా?" అని మామయ్య అడిగితే నిచ్చెన భుజానేసుకుని బయటపడ్డాడు.

ఇంతలో ఆమెకు సంబంధం కుదిరింది. ఇంకొక్క అద్దం పగలగొడితే కిటికీలకు చెక్కలు కొట్టిస్తానని తండ్రి కసిరాడు.

"అద్దాలు వాటంతటవే పడిపోయేలా చెయ్యి. చేతకాదా?" అంది ఆమె.

"పడితే ఎవరికైనా తగులుతుందండీ."

"నాకోసం ఆ మాత్రం చెయ్యలేనివాడివి ఎందుకొస్తున్నట్టు?"

చట్రంలో అద్దాన్ని పట్టి ఉంచేది పైకి కనిపించే లప్పం కాదు, దానికింద దాక్కున్న సన్నని మేకులు. ఆ గదిలో అద్దాలన్నీ ఊడదీసి, మేకులు కొట్టకుండా, పైపైన లప్పం నున్నగా పూశాడు. గాలికి ఒకటి జారుతుంది, కబురొస్తుంది, తను వెళ్తాడు. అతని బుర్ర అంతవరకే పనిచేసింది.

పెళ్ళివారొచ్చే రోజు ఒక కిటికీ రెక్క బిగుసుకుపోయిందని కబురొచ్చింది. మేనల్లుడు వేరే పనిమీద బయటికెళ్ళాడు కదా అని మామయ్యే వెళ్ళాడు. రెక్కను కిందనుంచి ఎత్తి గట్టిగా తోశాడు. అద్దం జారి కుడి మణికట్టు మీద పడింది.

సంగతి తెలిసి అతను పరుగెత్తుకొచ్చేసరికి మామయ్య నేలమీద కూర్చుని, చేతికి తువ్వాలు చుట్టుకుని, ఖాళీ చట్రంకేసి చూస్తున్నాడు. ఒక్కసారి మేనల్లుడి మొహంలోకి చూశాడు. తర్వాత యజమానివైపు తిరిగి, "తప్పు నాదేనండీ. మేకులు కొట్టడం మర్చిపోయాను" అన్నాడు.

ఆమె నిజం చెప్తుందేమోనని అతను ఆమెకేసి చూశాడు. అతనెక్కడ చెప్పేస్తాడోనని ఆమె అతనికేసి చూసింది. యజమాని మామయ్యను పని దొంగ అని తిట్టి పొమ్మన్నాక మాత్రం ఆమెకు మాటొచ్చింది.

"నేను ముందే చెప్పాను కదా నాన్నా, వేరేవాళ్ళని పిలవమని."

మామయ్య వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. మేకులు మర్చిపోయే కొట్టుకు పని ఇచ్చేవాళ్ళు లేక అది మూతపడింది. ఆ సంగతి ఆయన ఒక్కనాడూ ఎత్తలేదు, తిట్టనూ లేదు. తిడితే బాగుండునని మేనల్లుడు ఎదురుచూశాడు. ఆయన పోయేదాకా రోజూ పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టింది అతనే.

ఇప్పుడు వేరొకరి కొట్లో కూలికి అద్దాలు కోస్తున్నాడు. మొన్న పక్కనున్న పనివాడు, "ఇదంతా నిజమేనా అన్నా?" అని అడిగాడట. అతను చేతిలో పని ఆపలేదు.

"ఎవడో పనిలేనివాడు పుట్టించాడు. ఆ బంగళా గడప నేనెప్పుడూ తొక్కలేదు. ఆ ఇంట్లో అసలు ఆడపిల్లే లేదు. మా మామయ్య చెయ్యి పుట్టుకతోనే అంత."