కోసేముందు ఒకసారి చూడు

ధర్మవరంలో మా వీధి చివర మరమగ్గాల మోత పొద్దున మొదలైతే చీకటిపడే దాకా ఒకే తీరుగా ఉంటుంది. చేతిమగ్గం అట్లా కాదు, నడుమ నడుమ ఆగేది. ఆగిందంటే మనిషి తాను నేసింది తానే చూసుకుంటున్నాడని అర్థం. మా ఓబన్న మగ్గం మరీ ఎక్కువగా ఆగేది.

ఆయన నాకు చుట్టం కాదు. భర్త పోయాక బిడ్డతో పెనుకొండ నుంచి వచ్చి, తొంభైల మొదట్లో ఆయన ఇంట్లో కండెలకు పట్టుదారం చుట్టే పనికి కుదిరాను. నాది మూడో తరగతి చదువు. దారం తెగితే ముడి కనబడకుండా వేయడం ఆయనే నేర్పించాడు. "నింపాదిగా మే. నీ కోపం పట్టుకు తెలిసిపోతాది" అనేవాడు. బిడ్డను సాకాలనే భయం తప్ప పనిలో ఇంకేమైనా ఉంటుందని అప్పటికి నాకు తెలియదు.

ఓబన్నకు ఒక అలవాటు. చీర పూర్తయినా, ఎవరో ఒకరు వచ్చి చూసేదాకా మగ్గం మీది నుంచి కోసేవాడు కాదు. కత్తెర పక్కన పెట్టి కేకేసేవాడు.

"లచ్చుమ్మా, రా మే. కోసేముందు ఒకసారి చూడు. అంచు కలిసేకాడ వేలు పెట్టు. ఏమన్నా తగులుతాదా?"

"తగల్లేదులే అన్నా."

"నీ నోట్లోంచి బాగుండాదనే మాట రావాలంటే కదిరి నరసింహుడే దిగిరావాల!" అని నవ్వి, అప్పుడు కోసేవాడు. ఆ రోజంతా ఆయన అడుగు తేలిగ్గా పడేది.

తర్వాత మరమగ్గాల చీరలు బజారంతా నిండాయి. చీరలు కొనే షావుకారు తొందరపెడుతున్న రోజుల్లో ఒకసారి ఓబన్న పిలిచాడు. నేను రాట్నం దగ్గరి నుంచి లేవలేదు.

"యాడో ఎవరో కట్టుకునే చీర. దాన్ని మనం చూసేదేముంది అన్నా? కోసేయి, పొద్దు పోతాండాది."

కాసేపటికి కత్తెర చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఆయన ఎవరినీ పిలవలేదు. మగ్గం ఆగడమూ తగ్గింది. చీరలు ముందుకంటే త్వరగా దిగుతుంటే మంచిదే అనుకున్నాను, బుద్ధిలేనిదాన్ని. ఏడాది తిరిగేసరికి మగ్గం విప్పి అమ్మేసి, హిందూపురంలో ఒక ఫ్యాక్టరీ గేటు కాపలాకు పోయాడు.

ఒకసారి వెళ్లి చూశాను. ఖాకీ చొక్కా ఒంటిమీద వేలాడుతోంది.

"నీడపట్టున కూర్చునే పని. ఇంకేం కావాల అన్నా?"

"ఏమీ వద్దు మే. సాయంత్రమైతే ఎవరికీ చూపించేదానికి ఏమీ ఉండదు. అంతే."

కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. ఆయన మామూలుగా అన్నాడు. తప్పయిందన్నా అందామనుకున్నాను, కానీ బస్సుకు పొద్దయిందని లేచాను. ఆ ఎండాకాలమే ఆయన పోయిన కబురు తెలిసింది.

ఆ తర్వాత, ఎవరు ఏ పని చేసినా చేతిలోది వదిలి చూడడం నేర్చుకున్నాను. ఏం లాభం? నా మనవరాలు ఇప్పుడు గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుడుతోంది. మొన్న కళ్లద్దాలు పెట్టుకుని, నువ్వు కుట్టింది ఒకటి చూపించమని అడిగాను. పగలబడి నవ్వింది.

"ఏం చూపించేది అవ్వా? నేను కాలర్లే కుడతా. చొక్కా ఎట్లుంటాదో నాకే తెలీదు."

కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను.