మాగ్నం తూటా, మా అమ్మ బిందె

తెలిసిన విషయమైతే పది నిమిషాలు మాట్లాడటం కూడా నాకు కష్టమే. తెలియనిదైతే మాత్రం గంటసేపు దంచేస్తాను. బొంబాయి కామాటిపురలో, గదికో కుటుంబం ఉండే మా చాల్‌లో అందరూ నన్ను ‘మైకు’ అనేవారు, నేనేమో దాన్ని బిరుదనుకునేవాణ్ణి.

నేను పనిచేసే మొబైల్ దుకాణం మూతపడి నాలుగు నెలలైంది. అమ్మ వండి పెడుతోంది, నేను సిగ్గులేకుండా తింటున్నాను. అప్పుడు అదే చాల్‌లో ఉండే మా మేనమామ ఒక కబురు తెచ్చాడు. ఆయన ఇరవై ఏళ్లుగా ఒక తుపాకుల దుకాణం తలుపు దగ్గర స్టూలు మీద కూర్చునే మనిషి.

“కౌంటర్ల మనిషి కావాల్నట అల్లుడా. సేట్ ఎవలొచ్చినా ఒక్కటే సవాల్ అడుగుతడు, రైఫిల్ తూటాల మాగ్నం అంటే ఏంది అని. నీ పేరు చెప్పిన. నా ఇజ్జత్ తియ్యకు.”

వారంపాటు ఫోన్లో వీడియోలు చూశాను. చాలా మాగ్నం తూటాలకు అడుగున ఉబ్బెత్తుగా ఒక పట్టీ కనిపించింది. ఇంకేం, పట్టీ ఉంటే మాగ్నం, లేకపోతే మామూలుది అని తేల్చేశాను. పొద్దున్నే నల్లా దగ్గర లైన్లో నిలబడి మామకు పాఠం చెప్పేవాణ్ణి. ఆయన చాయ్ ఊదుకుంటూ “అట్లనా?” అనేవాడు. పాపం, చదువుకోని మనిషి అని జాలిపడి మళ్లీ మొదటినుంచి చెప్పేవాణ్ణి.

మా నల్లా దగ్గర వంతుకు ఒక బిందె అని కట్టుబాటు. మా అమ్మ దాన్ని ఒక్కనాడూ తప్పలేదు. కాకపోతే నాగ్‌పాడా బజారుకు పోయి, మూతి అందరి బిందెలంతే ఉండి, పొట్ట మాత్రం దాదాపు రెండింతలున్న బిందె కొనుక్కొచ్చింది. “అక్కా, గిది బిందెనా, డ్రమ్మా?” అని పక్కింటావిడ గొడవపడితే, “ఒక్కటే ఉంది కదా, లెక్కపెట్టుకో” అంది. దాన్ని రోజూ మూడంతస్తులు మోసింది నేనే.

దుకాణంలో సేట్ రెండు ఖాళీ తూటాలు అద్దం మీద నిలబెట్టాడు. ఒకదానికి పట్టీ ఉంది, రెండోదానికి లేదు. ఏది మాగ్నం అన్నాడు. ఠక్కున పట్టీ ఉన్నది చూపించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన కళ్లద్దాలు తీసి, రెండూ మాగ్నమే అన్నాడు. ఆ పట్టీ తూటా తుపాకీలో సరైన చోట ఆగడానికేనట.

సేట్‌కు విసుగొచ్చి తలుపువైపు కేకేశాడు: ఇరవై ఏళ్లుగా వింటున్నావు, నీకైనా తెలుసా?

మామ స్టూలు మీంచి లేచాడు. తన బొంబాయి హిందీలో నెమ్మదిగా చెప్పాడు. తూటా ముందుండే బుల్లెట్ లావు మామూలు తూటాలో ఉన్నంతే ఉంటుంది. దాని వెనక గొట్టం పెద్దది, తుపాకీ మందు ఎక్కువ పడుతుంది, అందుకే వేగంగా పోతుంది. ఇంతుంటేనే మాగ్నం అని ఖాయమైన కొలతేమీ లేదు. ఆ లావులో మామూలుదానికంటే జోరుగా ఉంటే, తయారుచేసినవాడు ఆ పేరు పెట్టుకుంటాడు. “మా అక్క బిందె లెక్క, సేట్. మూతి అందరిదే, పొట్ట పెద్దది.”

సేట్ జేబులోంచి కౌంటర్ తాళాలు తీసి మామ చేతిలో పెట్టాడు. మామ వాటిని పట్టుకుని, మరి స్టూలు మా మేనల్లుడికి ఇస్తారా అని అడిగాడు.

బస్సు దిగి నడుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. “అంతా తెలిసి వారం నుంచి నాకెందుకు చెప్పలే మామా?” అని అరిచాను.

మామ ఆగి నా భుజం మీద చెయ్యి వేశాడు. రోజూ బిందె మోసే భుజమే అది.

“నువ్వెప్పుడన్న అడిగినవారా? నువ్వే చెప్తుంటివి.”