ఎద్దు వీపు మీద సుడి

మఠంలో కూర్చుని బొమ్మలు వేసుకోవడమంటే మహా ప్రశాంతమైన పని అనుకునేవాళ్లను ఒక్కపూట మా అరుగు మీద కూర్చోబెడితే తెలిసొచ్చేది. యాభైయారులో కొత్త రాష్ట్రం ఏర్పడి ఐదారేళ్లయిన కాలం. వర్ని నుంచి బోధన్ పోయే బాట పక్కనే మా మఠం. చెరుకు కొట్టే రోజుల్లో ఫ్యాక్టరీకి పోయే బండ్లవాళ్లంతా ఎడ్లకు నీళ్లు పెట్టడానికి మా బావి దగ్గర ఆగేవాళ్లు. ఆగినవాళ్లు ఊరుకుంటారా? నా వెనక నిలబడి గోడ మీది బొమ్మకు వంకలు పెట్టేవాళ్లు.

సన్యాసం తీసుకోకముందు నేను నిజామాబాదులో దుకాణాల బోర్డులు రాసేవాణ్ణి. అది మా గురువుగారికి తెలుసు. "జపం చేస్తే నీకు నిద్రొస్తది. గోడకు బొమ్మలెయ్యి, గదే నీ జపం" అన్నారు. పొద్దున పూజయ్యాక మధ్యాహ్నం భిక్షదాకా అదే పని. ఎర్రమట్టి జాజు, సున్నం, దీపం మసి, బట్టలకు పెట్టే నీలిమందు, కలపడానికి తుమ్మబంక, ఇంతే నా సరంజామా. మేత మేసి ఇంటికి మళ్లుతున్న మందను వేయమన్నారాయన. మొదలుపెట్టాను. "కృష్ణుడేడి సామి?" అని అడగని మనిషి లేడు. లేడయ్యా, ఇవి వట్టి పశువులే అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

మందలో ముందు నడిచే తెల్ల ఎద్దు మాత్రం నిజం ఎద్దు. మఠం వెనక, కాలువ నీళ్లు ఎక్కని చెల్క దున్నుకునే ఒక రైతుది. దాని జోడు ఎద్దు అంతకుముందు ఏడు చచ్చిపోయింది. పొరుగు రైతుకూ ఉన్నది ఒకటే ఎద్దు. అందుకని ఇద్దరూ ఎడ్లను జోడు కట్టి, ఒకరి చేను తర్వాత ఒకరి చేను దున్నుకునేవాళ్లు. ఆ తెల్ల ఎద్దును చాలా రోజులు చూసి చూసి వేశాను. వేసవి చివర్లో, వీపు మీద వెలుగు పడ్డ చోట, సున్నం ముంచిన కుంచెను చిన్నగా ఒక్క తిప్పు తిప్పాను. అంతే, ఎద్దు ఊపిరి తీసుకున్నట్టయింది. అంత మంచి గీత నా జన్మలో గీయలేదు. గర్వపడ్డాను, దాచుకోవడమెందుకు.

ఆ తిప్పే కొంప ముంచింది. ఎద్దును ఎంచేటప్పుడు రైతులు ముందు వెంట్రుకల్లోని సుడులు చూస్తారు. వీపు మీద ఫలానా చోట సుడి ఉంటే ఆ ఎద్దు వల్ల ఇంట్లో చావు తప్పదని నమ్మకం. బోర్డులు రాసుకుని బతికినవాణ్ణి, నాకేం తెలుసు? తొలకరి పడిన మర్నాడు పొరుగు రైతు మఠానికొచ్చి, బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే, నా ఎద్దును నీ ఎద్దు పక్కన కట్టనని రైతుకు చెప్పేశాడు. రైతు అంతకుముందు ఎన్నోసార్లు ఆ బొమ్మ చూశాడు. అతనికి అందులో తన ఎద్దు కనిపించింది గానీ సుడి కనిపించలేదు.

సంగతి తెలిసి నాకు ఒళ్లు మండింది. తెల్ల ఎద్దును తోలుకుని రైతుతోపాటు నేరుగా పొరుగాయన ఇంటికే పోయాను.

"అది సుడి కాదయ్యా, ఎండ వెలుగు. నేనే కుంచె తిప్పిన" అన్నాను.

"మీరు ఉత్తగ తిప్పుతరా సామి" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఎద్దు వీపు తడిమి చూపించాను. వెంట్రుకలు నున్నగా ఉన్నాయి.

"ఇప్పుడైతే లేదు. మీకు ముందుగాల కనవడ్డది, మాకింక కనవడలె."

నాది పొరపాటన్నాను. పెద్దవాళ్లు అట్లనే అంటారన్నాడు. నాకే మహిమా లేదని ఒట్టు పెట్టబోతే, మహిమ ఉన్నోళ్లు చెప్పుకుంటారా అని లోపలి నుంచి అతని భార్య అందుకుంది. ఎదురుగా ఉన్న ఎద్దును వదిలేసి గోడ మీది ఎద్దును నమ్మే మనుషులతో ఏం మాట్లాడతాం? తల ప్రాణం తోకకొచ్చింది.

మఠానికొచ్చి గురువుగారి దగ్గర మొత్తుకున్నాను. ఆయన నవ్వను కూడా లేదు. "గది చెరిపెయ్. వాని చేన్ల పదును పోతది" అన్నారు.

చెరపడం ఎంతసేపు? నేను చెరపలేదు. రేపు ఇంకోసారి నచ్చజెప్పి చూస్తానన్నాను. మర్నాడు, మూఢనమ్మకానికి లొంగకూడదన్నాను. ఆ మర్నాడు దాని మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను, పొరుగాయనకు కాదు, గురువుగారికి. ఈలోగా ఎండలు కాసి, తొలకరికి నానిన నేల పదును ఆరిపోసాగింది. రైతు రోజూ వచ్చి అరుగు చివర కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. అడిగితే కసురుకుందామని నేను కాచుకుని ఉండేవాణ్ణి. నాలుగోనాడు పొద్దున అతనూ భార్యా పారలు పట్టుకుని, గట్టిపడుతున్న చెల్కను తవ్వుకుంటూ పోతుంటే మఠం వెనక నుంచి చూశాను. లోపలికొచ్చి, సున్నంలో ఇంత మసి కలిపి ఆ చోటును నున్నగా పూసేశాను.

సాయంత్రానికల్లా పొరుగాయన తన ఎద్దును తోలుకొచ్చి జోడు కట్టాడు. సామి దోషం తీసేసిండని ఊరంతా చెప్పుకున్నారు. ఆ వారం నుంచి తమ ఎడ్లకున్న సుడులు కూడా తీసెయ్యమని జనం రావడం మొదలుపెట్టారు. ఒకాయన నవీపేట్ నుంచి వచ్చాడు, ఎద్దుతో సహా. వాళ్ల కంటపడకుండా నేను కొన్నాళ్లు వంటింట్లో దాక్కున్నాను.

పదును పోయాక వేసిన విత్తనం సగమే మొలిచింది. ఆ మొలకలు చూసుకుని వస్తూ రైతు మఠంలోకి వచ్చాడు. బొమ్మ ముందు నిలబడి, నేను పూసిన చోటును అరచేత్తో ఎద్దును నిమిరినట్టే నిమిరాడు. తప్పయిందని చెప్పడానికి నేను నోరు తెరవబోయాను.

"నాల్గు దినాలు ఎందుకు ఆగిన్రో నాకెరుకే సామి" అన్నాడు. "గది తీసేసినంక బొమ్మల ఎద్దుకు పానం లేకుంట అయింది."

తిట్టి ఉంటే బాగుండేది.