బికర్‌డైక్ గారి కేబుల్ తనిఖీ

మా అత్త పొలం ఇంగ్లండ్‌లో విట్బీ ఊరికి నాలుగు మైళ్ల ఇవతల, సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఎండాకాలంలో కారవాన్ క్లబ్బు వాళ్లు శుక్రవారం సాయంత్రం కార్ల వెనక చక్రాల ఇళ్లు తగిలించుకొని వచ్చి, రెండు రాత్రులు ఉండి, ఆదివారం వెళ్లిపోతారు. పదిహేనో ఏట బడి మానేసినప్పటి నుంచి అక్కడి స్నానాల గదులు కడిగేది నేనే. తుడుపుకర్ర పట్టుకున్న మనిషిని ఎవరూ పట్టించుకోరు. అందుచేత బికర్‌డైక్ గారిని తీరిగ్గా చూసే భాగ్యం నాకు కలిగింది.

క్లిఫర్డ్ బికర్‌డైక్ గారికి డెబ్బై ఒకటి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక బస్సు డిపోలో, ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులు దాచే గదికి అధిపతి. ముప్పై నాలుగేళ్లలో ఒక్క గొడుగు కూడా ఆయనకు ఎదురు చెప్పలేదు. రిటైరయ్యాక మనుషుల మీద పడ్డారు.

క్లబ్బులో ఆయన బయలుదేరే బండ్ల తనిఖీదారు. ఆ పదవికి ఆయన్ను ఎన్నుకున్న రోజు వాన పడుతోందట, అందరికీ త్వరగా లోపలికి పోయి టీ తాగాలని ఉందట. పన్నెండేళ్లు గడిచినా ఆయన ఆ పదవికిచ్చిన పసుపు కోటు విప్పలేదు. ఆదివారం తొమ్మిదింటికి ఈల ఊదుతారు. అప్పటికి అందరూ కార్లకు కారవాన్లు తగిలించుకొని, బడిపిల్లల్లా పక్కన నిలబడాలి. లైట్లు, చక్రాలు చూసి, చివర కేబుల్ దగ్గర ఆగి ప్రసంగం మొదలుపెడతారు.

కేబుల్ అంటే చిటికెన వేలిలో సగం లావుండే ఉక్కు తీగ. ఒక కొస కారవాన్ చేతి బ్రేకుకు ఉంటుంది, రెండో కొసన ఉన్న క్లిప్పు కారుకు తగిలించాలి. దారిలో కారవాన్ ఊడిపోతే ఆ తీగ బిగిసి, బ్రేకు లాగి, తర్వాత తెగిపోతుంది. కారు ముందుకు పోయినా కారవాన్ ఎక్కడిదక్కడ నిలబడుతుంది. చిన్న వస్తువే. దాని మీద బికర్‌డైక్ గారు ఇరవై నిమిషాలు మాట్లాడగలరు. "నేను చెప్పినట్టు చుట్టండి, హాయిగా నిద్రపోండి" అని ముగిస్తారు. డ్రైవింగ్‌లో ఉన్నవాళ్లు నిద్రపోవడమేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే మళ్లీ మొదలుపెడతారు.

ఆయన పద్ధతి ఒక్కటే. కారు వెనక కారవాన్‌ను మోసే ఇనప గుండు ఉంటుంది కదా, దాని మెడకు కేబుల్‌ను ఒక చుట్టు చుట్టి, క్లిప్పును ఆ కేబుల్‌కే తగిలించడం. క్లబ్బంతా అలాగే చుట్టేది.

ఆ జూన్‌లో ఎనిడ్ ఆర్మిటేజ్ గారు మొదటిసారి ఒంటరిగా వచ్చారు. భర్త హ్యూ పోయి తొమ్మిది నెలలైంది. అరవై ఆరేళ్ల మనిషి కారవాన్ లాక్కుంటూ తిరగడమేమిటని కూతురు అప్పటికే కొనేవాణ్ని చూసి పెట్టింది. చివరికి తల్లీకూతుళ్ల మధ్య ఒప్పందం కుదిరింది. బండి సరిగ్గా ఉందని తనిఖీదారు క్లబ్బు కార్డు మీద సంతకం పెడితే కారవాన్ తల్లిది. పెట్టకపోతే సోమవారం కొనేవాడిది. ఎనిడ్ గారు ఈ సంగతి శనివారం పొద్దున గిన్నెలు కడుగుతూ మ్యూరియల్ గారికి చెప్పారు. మ్యూరియల్ గారు బికర్‌డైక్ గారి భార్య. పక్క సింకు తోముతూ నేనూ విన్నాను.

ఆ మధ్యాహ్నమే ఎనిడ్ గారు పాత కేబుల్‌ను గుడ్డతో తుడిచి, వేళ్లతో తడిమి చూశారు. క్లిప్పు దగ్గర రెండు పోగులు తెగి, ముళ్లలా లేచి ఉన్నాయి. దాన్ని ఊడదీసి, టౌన్‌లో కొనుక్కొచ్చిన కొత్తది బ్రేకుకు బిగించారు. గడ్డి మీద పడుకుని, కారవాన్ ముక్కు కింద ఉన్న కన్నంలోంచి దూర్చి ఇవతలికి తీశారు. కారును అటూ ఇటూ తిప్పి, మలుపులో కేబుల్ బిగుసుకోవడం లేదని, నేలకూ రాసుకోవడం లేదని చూసుకున్నారు. ప్యాకెట్‌లో వచ్చిన కాగితాన్ని అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ఆ క్లబ్బులో ఎవరైనా కాగితం చదవడం నేను చూడటం అదే మొదలు.

ఆదివారం ఆమె వంతు వచ్చింది. బికర్‌డైక్ గారు వంగి చూసి, నిట్టూర్చారు.

"బంగారం, ఇదేంటిది?"

ఆడవాళ్లందరూ ఆయనకు బంగారమే, మ్యూరియల్ గారు తప్ప.

"కేబుల్, క్లిఫర్డ్."

"అది తెలుసమ్మా. గుండుకి కదా చుట్టాలి? కింద రింగుకి తగిలించావేంటి?"

"రింగు ఉన్నది దానికేనట. గుండుకి చుడితే జారిపోతుందని కాగితంలో ఉంది."

"కాగితం!" ఆయన వెనక్కి తిరిగి అందరి వైపూ చూశారు. "పాపం, హ్యూ ఉండగా ఈ తిప్పలు లేవు. పదకొండేళ్లు నా చేత్తోనే చుట్టానతనికి. ఒక్కసారైనా జారిందా?"

"ఒక్కసారైనా కారవాన్ ఊడిందా? ఊడకుండా అదెలా జారుద్ది?" అన్నారు ఎనిడ్ గారు.

ఎవరో దగ్గారు. బికర్‌డైక్ గారి మెడ ఎర్రబడింది. పెన్ను టోపీ బిగించి జేబులో పెట్టుకున్నారు.

"నేను సంతకం పెట్టను బంగారం. నీ మంచికే. అమ్మేసుకో. నీకు హోటల్ గది హాయి."

ఎనిడ్ గారు కార్డు చాచిన చెయ్యి దించలేదు. గొంతూ తగ్గించలేదు. "సరే. మీది పట్టుకుంటుందని చూపించండి. పట్టుకుంటే నేనే కూతురికి ఫోన్ చేసి అమ్మేయమంటాను."

అంతమంది ఎదుట అడిగితే కాదనడం ఆయనకు తెలియదు. తన కారవాన్‌ను గుండు మీద నుంచి లేపి, ముందరి చిన్న చక్రం మీద నిలబెట్టారు. కేబుల్ గుండు మెడకు ఆయన పద్ధతిలో చుట్టే ఉంది. మ్యూరియల్ గారు కారెక్కారు.

"నేల వాలుగా ఉంది క్లిఫర్డ్. చక్రం కింద చెక్క ఉంచు" అని కిటికీలోంచి అన్నారు.

"చక్కగా సమంగా ఉంది. నువ్వు మెల్లగా ముందుకు పోనీ, చాలు."

అక్కడ బకెట్ ఒలికితే నీళ్లు ఎటు పరుగెత్తుతాయో నాకు తెలుసు. కానీ తుడుపుకర్ర మనిషి మాట వినేదెవరు? దిగువన, కారవాన్ల టాయిలెట్ డబ్బాలు ఖాళీ చేసే గది తలుపు తెరిచి ఉంటే మాత్రం వెళ్లి మూసి వచ్చాను.

ఆయన కారవాన్ చేతి బ్రేకు దించి, చక్రం వెనక చెక్క లాగేసి, "ఇప్పుడు చూడండి! పోనీ!" అని అరిచారు. కారు కదిలింది. కేబుల్ బిగిసింది. బ్రేకు పిడి ఒక్క వేలెడు లేచింది. అంతలో ఆ చుట్టు గుండు మీదుగా జారి, తలపాగా ఊడినట్టు ఊడి వచ్చింది. పిడి మళ్లీ కింద పడింది. కారు ముందుకు, కారవాన్ వెనక్కి.

"ఆపండి! పట్టుకోండి!" అని బికర్‌డైక్ గారు ఈల ఊదారు. ఈలకు ఆగే అలవాటు కారవాన్‌కు లేదు. కిటికీలో కుండీ ఊపుకుంటూ, మర్యాదగా, తొందరలేకుండా దిగువకు పోయి, నేను మూసిన తలుపును గుద్దుకొని ఆగింది. వెనక లైట్లు రెండూ పగిలాయి. లోపల ప్లేట్లు చాలాసేపు పడుతూనే ఉన్నాయి.

అందరూ తమ టీ కప్పుల్లోకి చూసుకున్నారు. మా వాళ్లు అంతే. మనిషి మునిగిపోతున్నా చూడనట్టు ఉండటమే మర్యాద.

మ్యూరియల్ గారు కారు దిగి వచ్చారు. "బాగుంది క్లిఫర్డ్. ఇప్పుడు ఎనిడ్‌ది కూడా చూడు. మనకేం తొందర? ఇంటికెళ్దామంటే లైట్లు లేవు."

ఎనిడ్ గారు కారవాన్‌ను గుండు మీద నుంచి లేపలేదు. రింగుకున్న క్లిప్పును విప్పి, కేబుల్‌ను రెండు చేతులా పట్టుకొని కారు వైపుకు బలంగా లాగారు. బ్రేకు పిడి టక్కున నిటారుగా లేచి నిలబడింది. మళ్లీ దించి, క్లిప్పును రింగుకు తగిలించి, రెండుసార్లు గుంజి చూశారు. కార్డు చాచారు.

బికర్‌డైక్ గారు చాలాసేపు పెన్ను వెతికారు. అది ఆయన జేబులోనే ఉంది. రాశారు, సంతకం పెట్టారు. ఎనిడ్ గారు అద్దాలు పెట్టుకొని గట్టిగా చదివారు.

"'తనిఖీదారు సూచనల మేరకు కేబుల్ సరిచేయబడినది. అనుమతించడమైనది.'"

ఆమె ఆయన ముఖం కేసి చూశారు, తర్వాత కార్డు కేసి. కింద సంతకం ఉంది. నవ్వి, కార్డు మడిచి సంచిలో వేసుకున్నారు.

"చాలా థాంక్స్, బంగారం" అన్నారు.

ఆమె బండి కదిలింది. గేటు బార్లా తెరిచే ఉంది, దారిలో ఒక్క గొర్రె కూడా లేదు. అయినా బికర్‌డైక్ గారు పరుగున వెళ్లి, గేటు మధ్య నిలబడి, రెండు చేతులూ ఊపుతూ ఆమెను జాగ్రత్తగా బయటికి పంపారు. వెనక్కి వస్తూ, వరుసలో ఉన్న మిగతా వాళ్లకేసి చూసి ఈల ఊదారు.

"ఇంకా గుండుకే చుట్టి ఉంచారేంటయ్యా? రింగు! ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

పదహారు మంది వంగి, చుట్లు విప్పడం మొదలుపెట్టారు.