ఆమె ముందట చదివినవా?

ఇల్లందులోని మా చిన్న సేవాసంస్థలో దాతలకు పంపే న్యూస్‌లెటర్ పని ఒక అక్క చూసేది. ఎవరి గురించి రాశామో వాళ్లకు చదివి వినిపించందే ఆమె ఏ కథనాన్నీ అచ్చుకి పంపేది కాదు. "ఆమె ముందట చదివినవా?" అని అడిగేది, అంతే. నాకు ఒళ్లు మండేది. బస్సు దిగాక గూడేనికి గంటసేపు నడవాలి మరి.

ఒకసారి అడవి అంచు గూడెంలో ఒంటరిగా ఉండే ముసలమ్మ గురించి రాశాను. పేరు మార్చాను. దాతల మనసు కరగాలని చిరిగిన చీర, రాజుకోని పొయ్యి, ఆగని కన్నీళ్లు, అన్నీ దట్టించాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. అక్క నన్ను వెంటబెట్టుకుని ఆ ముసలమ్మ దగ్గరికే తీసుకెళ్లింది.

ముసలమ్మ వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. ఎవరి కథో చెప్పకుండానే హుషారుగా చదివేశాను. ఆమె చెయ్యి ఆపి చివరిదాకా వింది.

"పాపం, గామెది ఏ ఊరు బిడ్డా?" అంది.

తన గురించేనని ఆమెకు తట్టనేలేదు. నేను నోరు తెరిచేలోపే లోపలికెళ్లి చేటలో జొన్నలు తెచ్చింది.

"ఇంట్ల గివే ఉన్నయి. జర గామెకు ఇయ్యి."

నేను తలెత్తలేకపోయాను. అక్క నా చేతిలోని కాగితం తీసుకుని, తిరగేసి, తెల్లటి వైపు పైకి పెట్టి మళ్లీ నాకే ఇచ్చింది.

"ఇప్పుడు రాయి" అంది.