దూపకు నిలబడ్డ అశ్వగంధ

ఐదో తరగతి సగంల నేను బడి మానేస్తే మా సారు ఆపలేదు సరిగదా, తల మీద చెయ్యివెట్టి దీవించి పంపిండు. అంత తెలివిగలోన్ని కాబట్టే దంతాలపల్లిల ఎకరం అశ్వగంధ వేసి, బోరు ఎండినంక తెల్లమొకం వేసిన. ఆకులన్నీ వాలిపోయినయి. దున్నిపారేద్దామని ఆదివారానికి ట్రాక్టర్ గూడ చెప్పిన. జనగామల విత్తనాలు అమ్మినాయన మాత్రం, "ముందుగాల టేకుమట్ల సరోజనక్క చేను చూసిరా. ఒకటి రెండు తడులతోనే పండిస్తది" అన్నడు.

గురువారం పొద్దున ఏడింటికి బస్సెక్కిన. హనుమకొండల ఇడ్లి తిని పరకాల బస్సు పట్టుకున్న. పక్క సీట్ల అవ్వకు ఫ్రీ టికెట్, నాకు పైసల టికెట్. నా గోసంత ఆమెకు చెప్పుకున్న.

"మందుకు పోయే చెట్టేనా నాయిన? దానికే మందు కావాల్సొచ్చిందా?" అన్నది.

పరకాలల బస్సు మారి టేకుమట్ల దిగేసరికి ఒంటిగంట. సరోజనక్క చేను చూడంగనే నా పానం నిమ్మళమైంది. అక్కడ గూడ ఆకులు నా చేను లెక్కనే వాలి ఉన్నయి.

"అక్కా, ఇద్దరం కలిసి ఒక్కటే ట్రాక్టర్ మాట్లాడుకుందామా?"

ఆమె నవ్వలే. "నీ చేను ఏ యాళ్లకు చూస్తవు?"

"మధ్యాహ్నం, అన్నం తిన్నంక."

"ఎండకు ఎవ్వలైనా వాలుతరు. ఈడనే పండుకొని తెల్లారి చూడు."

వాళ్లింట్ల జొన్నరొట్టె, పప్పు తిని పండుకున్న. ఐదున్నరకు లేపిండ్రు. చేనుకాడికి పోయినం. నిన్న సచ్చినట్టున్న చెట్లు ఒక్కొక్కటి ఆకులు పైకెత్తి నిలవడి ఉన్నయి. చుక్క నీళ్లు పోసినోళ్లు లేరు. తెలువకుంటనే చెప్పులు ఇడిసిన.

అక్క ఒక వేరు తవ్వి విరిచింది. టప్పున విరిగింది, లోపల పిండి లెక్క తెల్లగ. బోరు పక్కన తడి తగిలిన సాలుల వేరు లావుగనే ఉన్నది గని, విరిస్తే నార తెగక ఏలాడింది.

"నీళ్లు ఎక్కువైతే గిట్లయితది. జర దూపైతే వేరు లోతుకు పోతది, గుణం పడ్తది. పొద్దుగాల గూడ ఆకు వాలి ఉన్ననాడే ఒక తడి ఇస్త. అప్పుడు గూడ ఇయ్యకుంటే పంటే ఉండది."

చూడ పోయేటోళ్లకు ఒక్కటే చెప్తున్న, మధ్యాహ్నం చూసి మాత్రం తిరిగి రాకుండ్రి. ఆ చెట్టుకున్నంత ఓపిక మనిషిల గూడ నేను చూడలే.

ఎనిమిదింటి బస్సుల కూసోని మా ఇంటామెకు ఫోన్ చేసిన. "రేపు తెల్లారంగ చేనుకు పోయి, ఆకులు లేచినయా లేదా చూడు. లేస్తే ట్రాక్టర్ వద్దందాం."

"గడ్డికి రోజూ పోతనే ఉన్న గదా. ఆకులు రోజూ లేచే ఉంటయి. తెల్లారినంక గూడ వాలి ఉండేది నువ్వొక్కనివే" అన్నది.